ఆన్‌లైన్ స్టోర్‌లో కస్టమర్ లాగిన్: అకౌంట్ తెరవడం నుంచి రికవరీ వరకు ఏది ముందు, ఏది తర్వాత

ఆన్‌లైన్ స్టోర్ నడిపేవాళ్లు, వాళ్లకు సైట్ తయారుచేసి ఇచ్చే డెవలపర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: లాగిన్‌కి ఓటీపీ పెట్టాలా, పాస్‌వర్డ్ పెట్టాలా, గూగుల్ బటన్ పెట్టాలా? జవాబు మూడో భాగంలో ఉంది, గూగుల్ బటన్ సంగతి ఏడో భాగంలో. కానీ నేరుగా అక్కడికి వెళ్లకండి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ సిస్టమ్ ఒక కస్టమర్‌ని దేన్ని బట్టి గుర్తుపడుతుంది?

చాలా స్టోర్లలో ఈమెయిలే కస్టమర్, లేదా ఫోన్ నంబరే కస్టమర్. తర్వాత వచ్చే చిక్కులన్నీ అక్కడే పుడతాయి. ఒకరు నంబర్ మార్చుకుంటారు. వదిలేసిన పాత నంబర్‌ని కొంతకాలానికి టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇస్తుంది. ఆ కొత్త మనిషి మీ స్టోర్‌లో ఓటీపీతో లాగిన్ అయితే పాత మనిషి అడ్రస్‌లు, ఆర్డర్లు, వాలెట్ బ్యాలెన్స్ అన్నీ కనిపిస్తాయి. ఇక్కడ ఎవరూ హ్యాక్ చేయలేదు. మీ డిజైనే అలా ఉంది.

ఈమెయిల్, ఫోన్ అనేవి కస్టమర్‌ని చేరుకునే దారులు. అవి మారుతుంటాయి, మనిషి మారరు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ తేడాను కాపాడటానికే.

## 1. కోడ్ ముట్టుకునే ముందు

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి. ఇవి తేలకపోతే తర్వాతి నిర్ణయాలన్నీ ఊహలే అవుతాయి.

- అకౌంట్‌లోకి దొంగ దూరితే ఏం దొరుకుతుంది? ఆర్డర్లు, అడ్రస్‌లేనా, లేక వాలెట్ బ్యాలెన్స్, గిఫ్ట్ కార్డులు, రివార్డ్ పాయింట్లు, సేవ్ చేసిన కార్డు కూడా ఉన్నాయా?
- మీ కస్టమర్లు ఎక్కువగా చూసేది ఈమెయిలా, ఫోన్ మెసేజ్‌లా?
- ఒకే ఫోన్‌ని, ఒకే ఈమెయిల్‌ని ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే అవకాశం ఎంత?
- స్టోర్ దేని మీద నడుస్తోంది?

చివరి ప్రశ్న మీ చేతికి ఎంత పని మిగులుతుందో చెబుతుంది. షాపిఫై లాంటి ప్లాట్‌ఫామ్ మీద ఉంటే లాగిన్ చాలావరకు వాళ్లే చూసుకుంటారు. షాపిఫై కొత్త తరహా కస్టమర్ అకౌంట్లలో పాస్‌వర్డ్ ఉండదు, ఈమెయిల్‌కి ఆరు అంకెల కోడ్ వెళ్తుంది. వూకామర్స్, మజెంటో అయితే సెట్టింగ్‌లు, ప్లగిన్లతో చాలా మార్చుకోవచ్చు. సొంతంగా కట్టుకున్న స్టోర్ అయితే కీక్లోక్, ఆత్‌జీరో, అమెజాన్ కాగ్నిటో, ఫైర్‌బేస్ ఆథెంటికేషన్ లాంటి రెడీమేడ్ లాగిన్ సర్వీసుల్లో ఒకటి తీసుకోండి. పాస్‌వర్డ్‌ను భద్రపరచడం, సెషన్ (ఎవరు లాగిన్ అయి ఉన్నారో సైట్ గుర్తుంచుకునే రికార్డు) ఇవ్వడం, టోకెన్ (గుర్తింపుకు వాడే రహస్య కోడ్) తనిఖీ చేయడం లాంటి పనుల కోడ్ మొదటి నుంచీ మీరే రాయడం నాకు అసలు ఇష్టం లేదు. బాగా పరీక్షించిన లైబ్రరీలు ఉండగా ఆ రిస్క్ కస్టమర్ల మీద పెట్టకూడదు.

కార్డు వివరాల సంగతి ఇక్కడే తేల్చేద్దాం. కార్డు నంబర్ మీ డేటాబేస్‌లోకి రానే రాకూడదు, దానికి బదులుగా పేమెంట్ గేట్‌వే ఇచ్చే టోకెన్ మాత్రమే ఉంచుకోండి. పేమెంట్ ఆమోదం పొందాక సీవీవీ దాచడాన్ని పీసీఐ డీఎస్‌ఎస్ అనే కార్డు భద్రతా నిబంధనలే నిషేధించాయి.

## 2. మారని ఐడీ ఇవ్వండి

ప్రతి కస్టమర్‌కి లోపల ఒక ఐడీ సృష్టించండి. యూయూఐడీ లాంటి, ఊహించడానికి వీల్లేని రాండమ్ ఐడీ మంచిది. ఆర్డర్లు, అడ్రస్‌లు, పాయింట్లు అన్నీ ఈ ఐడీకే అతుక్కోవాలి. ఈమెయిల్‌కి కాదు, ఫోన్‌కి కాదు.

ఈమెయిల్, ఫోన్, గూగుల్ అకౌంట్, పాస్‌కీ (వేలిముద్ర లేదా ముఖంతో లాగిన్, మూడో భాగంలో వివరంగా) లాంటివన్నీ వేరే టేబుల్‌లో లాగిన్ మార్గాలుగా ఉంచండి. ఒక కస్టమర్ ఐడీకి ఇలాంటి మార్గాలు ఎన్నైనా ఉండొచ్చు. ప్రతి మార్గం పక్కన అది వెరిఫై అయిందా, ఎప్పుడు అయింది అనే రెండు వివరాలు ఉండాలి.

చాలామంది తప్పు చేసే చోటు ఇది: "ఒక ఈమెయిల్ ఒకసారే ఉండాలి" అనే నియమాన్ని వెరిఫై అయిన ఈమెయిల్స్‌కి మాత్రమే పెట్టండి. అన్నిటికీ పెడితే, ఎవరో ఒకరు వేరేవాళ్ల ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి వెరిఫై చేయకుండా వదిలేసినప్పుడు, అసలు యజమాని వచ్చి రిజిస్టర్ కాలేరు.

ఆర్డర్ పెట్టిన రోజున ఉన్న ఈమెయిల్, ఫోన్, అడ్రస్‌ల కాపీని ఆర్డర్‌లోనే ఉంచండి. రేపు కస్టమర్ ప్రొఫైల్‌లో అడ్రస్ మార్చుకుంటే పాత బిల్లు మారిపోకూడదు.

ఈమెయిల్‌ని పోల్చేటప్పుడు చిన్న అక్షరాల్లోకి మార్చి, ముందూ వెనకా ఖాళీలు తీసేసి పోల్చండి. జీమెయిల్ చుక్కలను పట్టించుకోదు కాబట్టి మనమూ చుక్కలు తీసేద్దాం అనే ఆలోచన వద్దు. మిగతా మెయిల్ సర్వీసుల్లో చుక్క ఉన్నదీ లేనిదీ ఇద్దరు వేర్వేరు మనుషులవి కావచ్చు. ఫోన్ నంబర్లను ఈ.164 పద్ధతిలో దాచండి: ముందు ప్లస్, తర్వాత దేశం కోడ్, ఆపైన నంబర్, మొత్తం కలిపి 15 అంకెలకు మించకుండా. సున్నాతో ఒకసారి, దేశం కోడ్‌తో ఒకసారి ఎక్కించడం వల్లే చాలా డూప్లికేట్ అకౌంట్లు తయారవుతాయి.

## 3. లాగిన్ పద్ధతి ఎంచుకోవడం

నా సిఫారసు సూటిగా చెబుతాను. చిన్న, మధ్యస్థాయి స్టోర్‌కి ఈమెయిల్ కోడ్ ప్రధాన మార్గంగా, పాస్‌కీ ఐచ్ఛికంగా ఉంటే చాలు. మీ కస్టమర్లు ఈమెయిల్ చూడరనుకుంటే ఎస్‌ఎంఎస్ ఓటీపీ పెట్టండి, అయితే అయిదో భాగంలో చెప్పే పరిమితులన్నీ పెట్టాకే. పాస్‌వర్డ్ కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరం చాలా స్టోర్లకు లేదు. కస్టమర్ మీ స్టోర్‌కి ఎప్పుడో ఒకసారి వస్తారు, పాస్‌వర్డ్ మర్చిపోతారు, రీసెట్ లింక్ అడుగుతారు. అంటే ఎలాగూ ఈమెయిల్ ద్వారానే లోపలికి వస్తున్నారు.

పాస్‌కీ గురించి రెండు మాటలు. ఇది వెబ్‌ఆథెన్ అనే ప్రమాణం మీద నడుస్తుంది. 2022లో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి మద్దతు ప్రకటించాక సాధారణ ఫోన్లలోకి వచ్చింది. కస్టమర్ వేలిముద్రో ముఖమో చూపిస్తే ఫోన్‌లోనే ఉన్న రహస్య కీ సంతకం చేస్తుంది. ఆ కీ మీ డొమైన్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి మీ సైట్‌లా కనిపించే నకిలీ సైట్‌లో పనిచేయదు. ఓటీపీకి ఈ రక్షణ లేదు, నకిలీ పేజీలో కూడా కస్టమర్ దాన్ని టైప్ చేసేస్తారు.

పాస్‌కీని మొదటి లాగిన్‌లోనే అడగొద్దు. ఒక ఆర్డర్ పూర్తయ్యాక, "వచ్చేసారి కోడ్ లేకుండా లాగిన్ కావాలా?" అని అడగండి. పాస్‌కీ ఉన్న కస్టమర్‌కి కూడా ఈమెయిల్ మార్గం తెరిచే ఉంచండి.

## 4. గెస్ట్ చెకౌట్

అకౌంట్ తెరిస్తేనే కొనాలి అనే నిబంధన తీసేయండి. చెకౌట్‌లో ఈమెయిల్ లేదా ఫోన్ తీసుకుని ఆర్డర్ పూర్తి చేయనివ్వండి. అకౌంట్ ప్రస్తావన ఆర్డర్ పూర్తయిన పేజీలో తెస్తే సరిపోతుంది. అప్పటికే వివరాలన్నీ ఇచ్చేశారు కాబట్టి కోడ్ ఒక్కటి ఎంటర్ చేస్తే అకౌంట్ తయారవుతుంది.

జాగ్రత్త పడాల్సింది పాత గెస్ట్ ఆర్డర్లను అకౌంట్‌కి కలపడంలో. ఒకరు ఫలానా ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచిన వెంటనే ఆ ఈమెయిల్‌తో వచ్చిన ఆర్డర్లన్నీ చూపించేస్తే, ఎవరి ఈమెయిల్‌నైనా టైప్ చేసి వాళ్లు ఏం కొన్నారో, ఎక్కడ ఉంటారో చూసేయొచ్చు. వెరిఫై అయ్యాకే కలపాలి. ఫోన్ నంబర్ ఆధారంగా కలిపేటట్టయితే మరీ పాత ఆర్డర్లను ఆటోమేటిక్‌గా కలపొద్దు. ఆ నంబర్ చేతులు మారి ఉండొచ్చు.

గెస్ట్ ఆర్డర్ ట్రాకింగ్ లింక్‌లో వరుస నంబర్ ఉంటే, ఒక అంకె మార్చగానే పక్కవాళ్ల ఆర్డర్ తెరుచుకుంటుంది. లింక్‌లో పొడవైన రాండమ్ టోకెన్ పెట్టండి, ఆ పేజీలో పూర్తి అడ్రస్ చూపించకండి.

లాగిన్‌కి ముందు కార్ట్‌లో వేసిన వస్తువులు లాగిన్ అయ్యాక మాయం కాకూడదు. గెస్ట్ కార్ట్‌ని అకౌంట్‌లోని పాత కార్ట్‌తో కలపండి. ఒకే వస్తువు రెండింటిలో ఉంటే రెండు సంఖ్యలను కూడకండి, ఇప్పుడే వేసిన సంఖ్య ఉంచండి. కూడితే కస్టమర్‌కి తెలియకుండా రెండు బదులు నాలుగు కొన్నట్టవుతుంది.

## 5. ఓటీపీ సరిగ్గా పెట్టడం

ఆరు అంకెల కోడ్ అంటే 10 లక్షల అవకాశాలు. పెద్ద సంఖ్యే, కానీ పరిమితి లేకపోతే ప్రోగ్రామ్ రాసి ప్రయత్నించేవాళ్లకు అది పెద్ద పని కాదు.

అమలు చేయాల్సిన నియమాలు:

- కోడ్ గడువు 5 నుంచి 10 నిమిషాలు. ఒకసారి వాడగానే రద్దు.
- ఒక కోడ్‌కి అయిదు తప్పు ప్రయత్నాలు. తర్వాత ఆ కోడ్ చెల్లదు.
- ఒక అకౌంట్‌కి గంటకు, రోజుకు ఎన్ని కోడ్‌లు అనే పరిమితి వేరేగా ఉండాలి. కోడ్‌కి అయిదు ప్రయత్నాలు పెట్టి కొత్త కోడ్‌లు ఎన్నైనా ఇస్తుంటే మొదటి పరిమితికి అర్థం ఉండదు.
- కోడ్ అడిగిన బ్రౌజర్‌లోనే అది చెల్లాలి.
- కోడ్‌ని సర్వర్ లాగ్స్‌లో రాయకండి.

కోడ్ ఆలస్యంగా రావడం సహజం. కస్టమర్ "మళ్లీ పంపండి" నొక్కుతారు, ఈలోగా మొదటిది వస్తుంది, అది వేస్తే తప్పంటుంది. కొంతమంది అక్కడే స్టోర్ వదిలేసి వెళ్తారు. గడువు లోపల మళ్లీ అడిగితే అదే కోడ్‌ని మళ్లీ పంపడం దీనికి మంచి పరిష్కారం. అది కుదరకపోతే "చివరగా వచ్చిన కోడ్ మాత్రమే పనిచేస్తుంది" అని స్పష్టంగా రాయండి.

ఎస్‌ఎంఎస్ వాడితే ఇంకో ప్రమాదం ఉంది. మోసగాళ్లు తమకు వాటా వచ్చే నంబర్లకు మీ ఫారం ద్వారా వేల ఓటీపీలు పంపించుకుంటారు. ప్రతి మెసేజ్ ఖర్చు మీది. మీరు డెలివరీ ఇవ్వని దేశాల కోడ్‌లన్నీ మూసేయండి. ఒక ఐపీ నుంచి, ఒకే వరుసలో ఉన్న నంబర్ల నుంచి వచ్చే అభ్యర్థనలకు పరిమితి పెట్టండి. రోజువారీ ఖర్చు ఒక స్థాయి దాటితే మీకు అలర్ట్ రావాలి. పంపిన కోడ్‌లలో ఎన్నిటిని తిరిగి ఎంటర్ చేశారు అనే నిష్పత్తిని గమనించండి, అది ఒక్కసారిగా పడిపోతే దాడి మొదలైనట్టే.

మెసేజ్‌లో స్టోర్ పేరు, కోడ్, ఎవరికీ చెప్పొద్దనే మాట ఉంటే చాలు. చివరి లైన్‌లో ఎట్ గుర్తు తర్వాత మీ డొమైన్, హ్యాష్ గుర్తు తర్వాత కోడ్ రాస్తే, ఈ పద్ధతి తెలిసిన ఫోన్లు ఆ డొమైన్‌లోనే కోడ్‌ని ఆటోఫిల్ చేస్తాయి. కోడ్ బాక్స్‌కి ఆటోకంప్లీట్ విలువగా "వన్-టైమ్-కోడ్" ఇవ్వడం మర్చిపోకండి. ఆరు అంకెలకు ఆరు వేర్వేరు బాక్సులు పెట్టేవాళ్లు, కోడ్ మొత్తం ఒకేసారి పేస్ట్ చేస్తే పడుతుందో లేదో తప్పక చూసుకోవాలి.

## 6. పాస్‌వర్డ్ ఉంచాల్సి వస్తే

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2025లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, పాస్‌వర్డ్ ఒక్కటే ఆధారమైతే కనీసం 15 అక్షరాలు ఉండాలి. రెండో ఆధారం కూడా ఉంటే కనీసం 8. గరిష్ఠ పరిమితి 64 అక్షరాలకు తగ్గకూడదు. ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలనే పాత నిబంధనలు వద్దంటోంది. మూడు నెలలకోసారి మార్చమనడం కూడా వద్దంటోంది, లీక్ అయిందని తెలిస్తేనే మార్పించాలి.

ఇదివరకే లీకైన పాస్‌వర్డ్‌లను ఆపండి. లీకైన పాస్‌వర్డ్‌ల జాబితా ఉంచే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సర్వీసులో పాస్‌వర్డ్ బయటికి పంపకుండానే చూడొచ్చు. పాస్‌వర్డ్‌ని షా-1 పద్ధతిలో తిరిగి విప్పలేని కోడ్‌గా (హ్యాష్‌గా) మార్చి, అందులోని మొదటి అయిదు అక్షరాలు పంపితే, వాటితో మొదలయ్యే హ్యాష్‌ల జాబితా వస్తుంది, పోల్చడం మీ సర్వర్‌లోనే జరుగుతుంది.

పాస్‌వర్డ్ దాచడానికి ఆర్గాన్2ఐడీ అనే హ్యాష్ పద్ధతి వాడండి. వెబ్ భద్రత సంస్థ ఓవాస్ప్ సూచించే కనీస సెట్టింగ్‌లలో ఒకటి 19 మెబీబైట్ల మెమరీ, 2 ఇటరేషన్లు. బీక్రిప్ట్ అనే పాత హ్యాష్ పద్ధతి వాడుతుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అది మొదటి 72 బైట్లనే తీసుకుంటుంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. అంటే తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకు 24 గుర్తుల తర్వాత టైప్ చేసిందేదీ లెక్కలోకి రాదు.

## 7. గూగుల్, ఆపిల్ బటన్లు

ఈ బటన్లు ఓపెన్ఐడీ కనెక్ట్ అనే పద్ధతిలో పనిచేస్తాయి. లాగిన్ అయ్యాక మీకు వచ్చే ఐడీ టోకెన్‌లో "సబ్" అనే విలువ ఉంటుంది. ఆ మనిషికి ఆ కంపెనీ దగ్గరున్న మారని గుర్తు అదే. మీ టేబుల్‌లో దాచాల్సింది ఈ విలువ. ఈమెయిల్‌ని ఆధారంగా తీసుకుంటే మళ్లీ మొదటి చిక్కులోనే పడతారు.

ఆపిల్ బటన్‌తో రెండు విషయాలు ఎదురవుతాయి. కస్టమర్ తన అసలు ఈమెయిల్ దాచుకుని ఒక మారు అడ్రస్ ఇవ్వొచ్చు. పేరు మొదటిసారి మాత్రమే వస్తుంది, అప్పుడే దాచుకోకపోతే తర్వాతి లాగిన్లలో రాదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఒక దొంగ మీ కస్టమర్ ఈమెయిల్‌తో ముందే అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, వెరిఫై చేయకుండా వదిలేస్తాడు. కొన్నాళ్లకు అసలు మనిషి గూగుల్ బటన్ నొక్కి వస్తారు. ఈమెయిల్ ఒకటే కదా అని మీ సిస్టమ్ రెంటినీ కలిపేస్తుంది. ఆ క్షణం నుంచి ఒకే అకౌంట్‌కి దొంగ పాస్‌వర్డ్, అసలు మనిషి గూగుల్ లాగిన్ రెండూ పనిచేస్తాయి.

కలపడానికి ఈ నియమాలు పాటించండి:

- పాత అకౌంట్‌లో ఈమెయిల్ వెరిఫై కాలేదా? దాని పాస్‌వర్డ్, సెషన్లు, ఇతర లాగిన్ మార్గాలు అన్నీ రద్దు చేశాకే కొత్త మనిషికి ఇవ్వండి. ఇంకా మంచిది, దాన్ని పక్కనపెట్టి కొత్త ఐడీ సృష్టించడం.
- పాత అకౌంట్‌లో ఈమెయిల్ వెరిఫై అయ్యే ఉందా? పాత మార్గంలో ఒకసారి లాగిన్ అవ్వమని అడిగి, అప్పుడు గూగుల్‌ని దానికి జతచేయండి.
- టోకెన్‌లో ఈమెయిల్ వెరిఫై అయినట్టు లేకపోతే దాన్ని దేనితోనూ కలపకండి.

## 8. సెషన్లు

లాగిన్ అయిన ప్రతిసారీ కొత్త సెషన్ ఐడీ ఇవ్వండి. ఆ ఐడీని బ్రౌజర్‌లో ఉంచే కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీ-ఓన్లీ, సేమ్‌సైట్ లాక్స్ అనే మూడు రక్షణ సెట్టింగ్‌లూ ఉండాలి. లాగౌట్ నొక్కితే కుకీ చెరపడంతో ఆగకుండా సర్వర్‌లోనూ సెషన్ రద్దు కావాలి.

బ్యాంకు సైట్‌లా పది నిమిషాలకే లాగౌట్ చేయాల్సిన పని స్టోర్‌కి లేదు. వారాల తరబడి లాగిన్‌లో ఉంచొచ్చు, అయితే ముఖ్యమైన పనులకు మళ్లీ కోడ్ అడగాలి. ఈమెయిల్ లేదా ఫోన్ మార్చడం, వాలెట్ బ్యాలెన్స్ వాడటం, సేవ్ చేసిన కార్డుతో కొత్త అడ్రస్‌కి పంపించడం ఆ జాబితాలో ఉండాలి. కొత్త అడ్రస్ చేర్చడం ఒక్కటే అయితే అడగక్కర్లేదు. అనవసరంగా అడిగే కొద్దీ కస్టమర్ ఆలోచించకుండా కోడ్ ఇచ్చేయడం అలవాటు చేసుకుంటారు.

పేజీల కాపీలను దాచి వేగంగా అందించే క్యాషింగ్‌ని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. 2015 డిసెంబర్ 25న స్టీమ్ ఆటల స్టోర్‌లో క్యాషింగ్ సెట్టింగ్ తప్పిపోయి, కొంతమందికి వేరేవాళ్ల అకౌంట్ పేజీలు కనిపించాయి. లాగిన్ ఎంత గట్టిదైనా ఇలాంటి తప్పు నుంచి కాపాడలేదు. అకౌంట్, కార్ట్, చెకౌట్, ఆర్డర్ పేజీలన్నిటికీ "నో-స్టోర్" అనే, కాపీ దాచొద్దని చెప్పే హెడర్ పెట్టండి. తర్వాత రెండు ఫోన్లలో రెండు అకౌంట్లతో ఆ పేజీలు తెరిచి చూడండి.

## 9. అకౌంట్ రికవరీ

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ముందు తలుపుకి ఎంత పెద్ద తాళం వేసినా పెరటి తలుపు గడియ వదులైతే దొంగ అటునుంచే వస్తాడు. పాస్‌కీ ఉన్న అకౌంట్‌ని ఒక్క ఫోన్ కాల్‌తో సపోర్ట్ టీమ్ మార్చేయగలిగితే, ఆ అకౌంట్ భద్రత ఆ ఫోన్ కాల్ పాటిదే.

రీసెట్ లింక్. టోకెన్ రాండమ్‌గా, పొడవుగా ఉండాలి. డేటాబేస్‌లో దాని హ్యాష్‌ని మాత్రమే ఉంచండి. గడువు గంటలోపే ఉండాలి. లింక్‌లోని డొమైన్ మీ సెట్టింగ్‌ల నుంచి రావాలి. బ్రౌజర్ పంపే హోస్ట్ హెడర్ (ఏ సైట్ కావాలో చెప్పే వివరం) నుంచి తీసుకుంటే, దొంగ దాన్ని మార్చి కస్టమర్‌కి తన సైట్ లింక్ వెళ్లేలా చేయగలడు. ఆ పేజీలో ప్రకటనలు, అనలిటిక్స్ స్క్రిప్టులు పెట్టకండి. కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే పాత సెషన్లన్నీ రద్దు చేసి, మారిందని మెయిల్ పంపండి.

లింక్ తెరవగానే టోకెన్ ఖర్చు కాకూడదు. కొన్ని మెయిల్ సర్వీసులు వైరస్ తనిఖీ కోసం మెయిల్‌లోని లింకులను ముందే తెరిచి చూస్తాయి. కస్టమర్ నొక్కేసరికి "లింక్ గడువు ముగిసింది" అని వస్తుంది. లింక్ ఒక పేజీ తెరవాలి, అందులో బటన్ నొక్కినప్పుడే టోకెన్ ఖర్చు కావాలి.

ఈమెయిల్ మార్పు. కొత్త ఈమెయిల్‌కి నిర్ధారణ కోడ్, పాత ఈమెయిల్‌కి సమాచారం వెళ్లాలి. పాతదానికి వెళ్లే మెయిల్‌లో "ఇది నేను చేయలేదు" అనే లింక్ ఉండాలి, కొన్ని రోజులపాటు పనిచేయాలి. మార్పు జరిగాక ఒకటి రెండు రోజులు వాలెట్, గిఫ్ట్ కార్డు ఖర్చుని ఆపి ఉంచడం మంచిది. దొంగ తొందరలో ఉంటాడు, అసలు కస్టమర్ ఆ రెండు రోజులు ఆగగలరు.

ఫోన్ పోతే. రెండో మార్గం ముందే ఉంటే ఇది సమస్యే కాదు. ఫోన్‌తో వచ్చిన కస్టమర్‌ని రెండో ఆర్డర్ సమయంలో ఈమెయిల్ కూడా వెరిఫై చేయమని అడగండి. బ్యాకప్ కోడ్‌లు ఇచ్చి దాచుకోమనడం స్టోర్ కస్టమర్ల విషయంలో పనిచేయదు, ఎవరూ దాచుకోరు.

సపోర్ట్ టీమ్. రాతపూర్వక నియమం లేకపోతే, జాలిపడిన ఏజెంట్ ఎవరికైనా అకౌంట్ ఇచ్చేస్తారు. తప్పు ఏజెంట్‌ది కాదు, నియమం ఇవ్వని మనది. చివరి ఆర్డర్ ఏమిటి, అడ్రస్ ఏమిటి అన్న ప్రశ్నలకు జవాబులు పార్శిల్ కవర్ మీదే ఉంటాయి, వాటిని రుజువుగా తీసుకోకూడదు.

- ఏజెంట్ ఈమెయిల్, ఫోన్ నేరుగా మార్చలేకూడదు. వెరిఫై అయిన పాత మార్గానికి లింక్ మాత్రమే పంపగలగాలి.
- ఏ మార్గమూ మిగలని కేసుల్లో ఇద్దరి ఆమోదం, కొన్ని రోజుల వ్యవధి, పాత ఈమెయిల్‌కీ ఫోన్‌కీ సమాచారం మూడూ తప్పనిసరి.
- కస్టమర్ ఓటీపీని ఏజెంట్ ఎప్పుడూ అడగకూడదు.
- కస్టమర్ అకౌంట్‌ని ఏజెంట్ తెరిచి చూస్తే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనేది నమోదు కావాలి.

## 10. దాడులను తట్టుకోవడం

వేరే సైట్ల నుంచి లీకైన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను మీ లాగిన్ పేజీలో వరసగా ప్రయత్నించడం స్టోర్ల మీద బాగా జరిగే దాడి. ఐపీకి మాత్రమే పరిమితి పెడితే వేల ఐపీల నుంచి వస్తారు. ఐపీకి, అకౌంట్‌కి, మొత్తం సైట్‌కి మూడు స్థాయిల్లో పరిమితులు ఉండాలి.

అయిదు తప్పులకు అకౌంట్‌ని పూర్తిగా లాక్ చేయడం వద్దు. అలా చేస్తే ఎవరైనా కావాలని మీ కస్టమర్లందరినీ బయట నిలబెట్టొచ్చు. ప్రతి తప్పుకీ ఆలస్యం పెంచండి, ఆపైన క్యాప్చా, ఆపైన ఈమెయిల్ కోడ్ అడగండి.

"ఈ ఈమెయిల్‌తో అకౌంట్ లేదు" అని చెప్పకండి. ఎవరు మీ దగ్గర కొంటారో తెలుసుకోవడానికి అది చాలు. అకౌంట్ ఉన్నా లేకపోయినా "కోడ్ పంపాం, మెయిల్ చూడండి" అని ఒకే మాట చెప్పండి. రిజిస్ట్రేషన్ పేజీలోనూ ఇంతే. ఇప్పటికే అకౌంట్ ఉంటే ఆ విషయం మెయిల్‌లో చెప్పండి, స్క్రీన్ మీద కాదు.

## 11. డూప్లికేట్ అకౌంట్లు కలపడం

ఎంత జాగ్రత్తపడినా కొన్ని వస్తాయి. ఒకరు ఒకసారి ఫోన్‌తో, ఒకసారి ఈమెయిల్‌తో వస్తారు. పేరు, అడ్రస్ ఒకటే కదా అని సిస్టమ్ తనంతట తాను కలపకూడదు. ఒకే ఇంట్లో అదే ఇంటిపేరుతో ఇద్దరు ఉండొచ్చు.

1. కస్టమర్ రెండు అకౌంట్లూ తనవేనని ఒకే సెషన్‌లో రెండు కోడ్‌లతో నిరూపించాలి.
2. పాత ఐడీని ఉంచండి.
3. రెండో ఐడీ ఆర్డర్లు, అడ్రస్‌లు దానికి మార్చండి. పాయింట్లను కూడి కొత్త సంఖ్య రాయకుండా, బదిలీగా ఎంట్రీ వేయండి.
4. రెండో ఐడీని తొలగించకండి. "ఫలానా ఐడీలో కలిసింది" అని గుర్తు పెట్టండి, పాత రిటర్న్ అభ్యర్థనలు వచ్చినప్పుడు కావాలి.
5. రెండింటి సెషన్లూ రద్దు చేసి, రెండు అకౌంట్ల ఈమెయిల్‌కీ ఫోన్‌కీ సమాచారం పంపండి.

## 12. పాత స్టోర్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు

షాపిఫైకి మారితే పాత పాస్‌వర్డ్‌లు వెంట రావు. ఈ విషయం కస్టమర్లకు మారడానికి ముందే మెయిల్ చేయండి, లేకపోతే మొదటి రోజే "నా పాస్‌వర్డ్ పనిచేయడం లేదు" అనే కాల్స్‌తో సపోర్ట్ టీమ్‌కి టెన్షన్. సొంత స్టోర్‌లో ఎండీ5 లాంటి పాత హ్యాష్‌లు ఉంటే, వాటి మీదే ఆర్గాన్2ఐడీ హ్యాష్ వేసి పాతవి తుడిచేయండి. కస్టమర్ తర్వాతిసారి లాగిన్ అయినప్పుడు అసలు పాస్‌వర్డ్‌కి నేరుగా కొత్త హ్యాష్ చేసి మార్చుకోవచ్చు.

## 13. తరచూ వచ్చే ఫిర్యాదులు, వాటి మందు

"పేమెంట్ చేసి తిరిగొస్తే లాగౌట్ అయిపోయాను." గేట్‌వే పోస్ట్ (ఫారం పంపినట్టు పంపే) పద్ధతిలో వెనక్కి పంపుతోంది, సేమ్‌సైట్ లాక్స్ కుకీ అలాంటప్పుడు వెళ్లదు. సేమ్‌సైట్‌ని తీసేయకండి. సెషన్ అవసరం లేని ఒక చిరునామాలో ఆ సమాచారం అందుకుని, గేట్‌వే సంతకం సరిచూసి, అక్కణ్ణుంచి మామూలు పేజీకి దారి మళ్లించండి.

"లాగిన్ అవ్వగానే కార్ట్ ఖాళీ." కార్ట్ పాత సెషన్ ఐడీకి కట్టి ఉంది. కార్ట్‌కి సొంత ఐడీ ఇవ్వండి.

"ఆర్డర్ మెయిల్స్ రావడం లేదు", అదీ ఆపిల్‌తో వచ్చినవాళ్లకే. మారు అడ్రస్‌కి మెయిల్ పంపాలంటే మీ డొమైన్‌ని ఆపిల్ డెవలపర్ అకౌంట్‌లో ముందే నమోదు చేయాలి.

"నాకు వేరేవాళ్ల ఆర్డర్ కనిపిస్తోంది." అన్నీ ఆపి దీన్ని చూడండి. క్యాషింగ్, చేతులు మారిన ఫోన్ నంబర్, తప్పుగా కలిసిన అకౌంట్లు ఈ వరుసలో పరిశీలించండి.

## 14. తెరిచే ముందు చేతితో చేయాల్సిన పరీక్షలు

- ☐ గెస్ట్‌గా కొని, తర్వాత అదే ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి, కోడ్ వేయకముందు పాత ఆర్డర్ కనిపిస్తోందేమో చూశారా?
- ☐ వెరిఫై కాని అకౌంట్ మీద గూగుల్‌తో లాగిన్ అయ్యాక పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోందేమో చూశారా?
- ☐ ఒక ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చి రెండో ఫోన్ లాగౌట్ అయిందో లేదో చూశారా?
- ☐ రీసెట్ లింక్‌ని రెండుసార్లు తెరిచి, బటన్ ఒకసారే నొక్కి చూశారా?
- ☐ ఓటీపీ ఆరోసారి తప్పు వేసి, ఆ తర్వాత సరైనది వేస్తే లోపలికి రానిస్తోందేమో చూశారా?
- ☐ ఆర్డర్ లింక్‌లో ఒక అంకె మార్చి చూశారా?
- ☐ సపోర్ట్ టీమ్‌కి తెలియని మనిషితో ఫోన్ చేయించి, ఈమెయిల్ మార్చమని బతిమాలించి చూశారా?

చివరి పరీక్షని స్టోర్ తెరిచాక కూడా అప్పుడప్పుడూ చేయండి, కొత్త ఏజెంట్ చేరిన ప్రతిసారీ తప్పక చేయండి.